తలకిందుల నెమళ్లు

వన్ టౌన్‌లో మనిషి నిలబడటానికి చోటుండదు గానీ వ్యాపారానికి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. మెట్ల కింద తాళాలు బాగుచేసేవాడు, వాడి పక్కన గొడుగులు కుట్టేవాడు, వాళ్ల నెత్తిమీద బట్టల గోడౌను, ఆ పైన ఎవరిదో సంసారం. అలాంటి ఒక సందులో 2001లో నేను ఇంటర్నెట్ సెంటర్ తెరిచాను. "పద్మశ్రీ, ఆడపిల్లవి, ఆ కుర్రాళ్ల మూకలో కూర్చుంటావా?" అన్నారు మా నాన్న. "మూకని అదుపులో పెట్టడానికే కదా కౌంటర్ దగ్గర కూర్చుంటా" అన్నాను. నా నోటికి జడిసి సగం మంది కుర్రాళ్లు పరీక్షల రిజల్ట్స్ చూసుకుని బుద్ధిగా వెళ్లిపోయేవాళ్లు.

మా సెంటరుకి ఎదురుగా ఒక టైలర్ షాపు ఉండేది. నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో "శౌరయ్య టైలర్స్" అని బోర్డు. శౌరయ్య గారు ప్యాంట్లు కుట్టడంలో పేరుమోసిన మనిషి. ఒకప్పుడు గుడివాడ నుంచి కూడా పెళ్లికొడుకులు బస్సెక్కి వచ్చి ఆయనకి కొలతలిచ్చేవారట. రెడీమేడ్లు వచ్చాక పెళ్లికొడుకులు రావడం మానేశారు. పాత ప్యాంట్ల నడుం వదులు చేయించుకునే పెళ్లికొడుకుల తండ్రులు మాత్రం మిగిలారు.

అయితే నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, ఆయన భార్య జీవరత్నం గురించి. నేను ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని. షాపులో మిషన్ వెనక చిన్న పీట మీద కూర్చుని కాజాలు కుట్టేది, హుక్కులు వేసేది, అంచులు మడిచి చేతికుట్టు వేసేది. బయటి నుంచి చూస్తే ఆవిడ కనిపించేది కాదు. గోడకి తగిలించిన మేరీమాత పటం, దాని కింద ఆవిడ కొప్పు, అంతే.

టైలర్ షాపుల్లో ఒక పద్ధతి ఉంది. గుడ్డకి కత్తెర వేసేవాడు మాస్టారు. మాస్టారంటే మగవాడే. ఆడమనిషి ఎంత పనిమంతురాలైనా కుట్టాలి గానీ పెద్ద కత్తెర ముట్టదు. దారం తెంపుకోవడానికి ఆవిడకి బొటనవేలంత కత్తెర ఒకటి వేరే ఉంటుంది. శౌరయ్య గారి పెద్ద కత్తెర ఆయనకి పని నేర్పిన గురువు ఇచ్చింది. నల్లటి పిడి, పచ్చడిబండంత బరువు. ఆయన టీకి వెళ్లినా అది బల్లమీద ఉన్నచోటే ఉండేది. ఎవరూ చెయ్యి వేసేవాళ్లు కారు, పిన్ని అసలే వేసేది కాదు.

పిన్ని పుట్టిల్లు మొవ్వ దగ్గర. పెళ్లికి ముందు పక్కనే ఉన్న కూచిపూడిలో డాన్సు బట్టలు కుట్టే ఒకావిడ దగ్గర చేతిపనికి వెళ్లేది. పైజామా, ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లు, పైట, జాకెట్టు, నడుం పట్టీ, అన్నీ అక్కడే నేర్చుకుంది. ప్యాంట్ల బేరం పడిపోయాక ఊళ్లో డాన్సు టీచర్లు ఒకరిద్దరు ఈ పని ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. పిన్ని సుద్దముక్కతో గీత గీస్తుంది, ఆయన ఆ గీత మీద కత్తెర నడుపుతారు. గీత ఎవరిదైనా కోత మాస్టారిదే.

ఒకరోజు మధ్యాహ్నం పిన్ని చెప్పులు గుమ్మం బయట విప్పి, మా సెంటర్లోకి వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది.

"పద్మమ్మా, ఇందులో ఫొటోలు పెడితే వేరే ఊళ్లోవాళ్లకి కూడా కనిపిస్తాయంట గదా?"

"కనిపిస్తాయి పిన్నీ. ఏం, సినిమాల్లో చేరతావా?"

"చాల్లే! డాన్సు టీచరుగారు చెప్పారు. బయట రాష్ట్రాల్లో మనవాళ్ల పిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారంట, అక్కడ ఈ బట్టలు సరిగ్గా కుట్టేవాళ్లు దొరకట్లేదంట. మనం కుట్టి పంపితే?"

నాకు ఆ ఆలోచన తెగ నచ్చింది. నాకు చేతనైనంతలో ఒక ఉచిత పేజీ కట్టాను. ఆవిడ కుట్టిన డ్రెస్సుల ఫొటోలు స్కాన్ చేసి ఎక్కించాను. పేరేం పెట్టాలని అడిగితే "ఇంకేముంది, ఆయన పేరే" అంది. నాకు ఒళ్లు మండింది. "కుట్టేది నువ్వు, పేరు ఆయనదా? ప్యాంట్ల షాపు పేరు చూసి డాన్సు డ్రెస్సు ఎవరు కుట్టించుకుంటారు?" అని గట్టిగా దెబ్బలాడి, "జీవరత్నం డాన్స్ డ్రెస్సెస్" అని టైపు చేసేశాను. పిన్ని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. తరవాత తుడిచెయ్యమనలేదు.

మొదటి ఆర్డరు రావడానికి చాలా నెలలు పట్టింది. మాకు కరెంటు కోతలు ఎక్కువ. పక్కనే ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద పవర్ స్టేషన్ పెట్టుకుని మేం కొవ్వొత్తులు కొనుక్కునేవాళ్లం, పెరట్లో బావి పెట్టుకుని పక్కింటికి నీళ్లకెళ్లినట్టు. కరెంటు రాగానే పిన్ని పరిగెత్తుకొచ్చి "వచ్చిందా?" అనేది. కరెంటు గురించి అనుకునేరు, మెయిల్ గురించి.

రాయ్‌పూర్ నుంచి ఒకటి వచ్చింది, పుణె నుంచి రెండు. ఆ పుణె ఆవిడ కొలతలు పంపితే పిన్ని వాటిని నమ్మలేదు. "పిల్లని నిలబెట్టి కొలిచుంటారు. అరమండిలో కూర్చోబెట్టి కొలవమను, మోకాళ్లు వంచితే గుడ్డ ఎంత పైకి లేస్తుందో అప్పుడు తెలుస్తుంది" అంది. నేను అదే రాశాను. ఆ తరవాత ఎవరు ఆర్డరిచ్చినా ముందు ఆ మాట వెళ్లేది.

పిన్నికి ఇంగ్లీషు రాదు. కానీ లావుపాటి అక్షరాలతో ఉన్నది ఇంకా తెరవని మెయిలని కనిపెట్టేసింది. తన పేరులోని అక్షరాలు ఏ మూల ఉన్నా గుర్తుపట్టేది. బ్యాంకులో తన పేరున ఖాతా తెరిచింది, చెక్కు మీద సంతకం పెట్టడానికి నా దగ్గర పాత కాగితాల మీద సాధన చేసింది. ఆదివారం చర్చిలో కానుక పళ్లెం వచ్చినప్పుడు భర్త చెయ్యి చూడటం మానేసి, తన పర్సు తీయడం మొదలుపెట్టింది. కొరియర్ ఆఫీసులో వాళ్లు "రండి మేడమ్" అంటున్నారని చెప్పి, మేడమ్ అన్న ప్రతిసారీ వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసుకుంటున్నానని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉండేది.

ఇంటి పని మాత్రం తగ్గలేదు. పొయ్యి, పాత్రలు, మిషను, మెయిలు, అన్నీ ఆవిడే. ఎప్పుడైనా అన్నం ఆలస్యమైతే శౌరయ్య గారు "నెట్‌లోంచి డౌన్‌లోడ్ చేస్తున్నావా?" అని ఎత్తిపొడిచేవారు. మా సెంటరు చలవే, ఆ మాట ఆయనకి కూడా వచ్చేసింది.

2004 వర్షాకాలంలో నాగపూర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. రాసినావిడ పేరు సుధామణి. రైల్వే కుటుంబం, అక్కడే స్థిరపడ్డ మనవాళ్లు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు, అందుకని చదివి వినిపించడం తేలికైంది. అమ్మాయి మొదటిసారి స్టేజీ ఎక్కుతోందట. పోయిన ఏడాది చనిపోయిన తన తల్లి పట్టుచీరతో డ్రెస్సు కుట్టించాలనుకుంటున్నారట. "చీరంతా నెమళ్లే. అమ్మకి చాలా ఇష్టం. కొత్త గుడ్డయితే ఇక్కడే కుట్టించేదాన్ని. మీరు కొలతలు అడిగే పద్ధతి గురించి విన్నాక మీకే పంపాలనిపించింది" అని రాశారు. నాగపూర్‌లో తనకి తెలిసిన డాన్సు స్కూళ్లన్నిటికీ మా గురించి చెబుతానని కూడా చివర ఉంది.

పార్సిల్ వచ్చిన రోజు పిన్ని ఊళ్లో లేదు. జరీ పట్టీల కోసం కూచిపూడి వెళ్లింది. కొరియర్ మనిషి శౌరయ్య టైలర్స్ బోర్డు కింద నిలబడి, ఆ బోర్డు వంక చూసి, కుర్చీలో ఉన్న శౌరయ్య గారి వంక చూసి, "జీవరత్నం గారి షాపు ఎక్కడండీ?" అని అడిగాడు. నేను ఎదురుగా గుమ్మంలోనే ఉన్నాను. ఆ క్షణంలో శౌరయ్య గారి మొహం చూసి నాకే జాలేసింది. ఇన్నేళ్లుగా ఆ బోర్డు కింద కూర్చున్న మనిషి ఆయన. సంతకం పెట్టి పార్సిల్ తీసుకున్నారు.

సాయంత్రం పిన్ని బస్సు దిగి వచ్చేసరికి చీర మొత్తం కట్ అయిపోయి బల్లమీద మడతలుగా ఉంది. పక్కనే కొంత గుడ్డ విడిగా పెట్టి ఉంది. శౌరయ్య గారు చాలా ఉత్సాహంగా ఉన్నారట. "కొలతలున్నాయి గదా, నీ గీత లేకుండా నేను కొయ్యలేనా? చూడు, ఎంత గుడ్డ మిగిల్చానో!"

గుడ్డ మిగల్చడం ప్యాంట్లు కోసేవాళ్లకి ఒక విద్య. కాళ్లు పైన వెడల్పు, కింద సన్నం. ఒక కాలు నిలువుగా, దాని పక్కన రెండో కాలు తలకిందులుగా పరిచి కోస్తే గుడ్డ బాగా కలిసొస్తుంది. సాదా గుడ్డకి పైనా కిందా ఒకటే కాబట్టి ఆయన ముప్పై ఏళ్లుగా అలాగే కోశారు. ఆ చీర కూడా అలాగే కోశారు. పిన్ని రెండు కాళ్ల ముక్కలూ పక్కపక్కన పరిచి చూసింది. ఒక కాలి మీద నెమళ్లు నిలబడి ఉన్నాయి. రెండో కాలి మీద అన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి.

పిన్ని అరవలేదు. అరిచినా బాగుండేది. బల్ల పక్కనే నేలమీద కూలబడిపోయింది. శౌరయ్య గారికి అప్పుడు విషయం అర్థమైంది. తెల్లారి షాపు తెరవకముందే మా సెంటరు మెట్లెక్కి వచ్చారు.

"పద్మమ్మా, ఒక్క మెయిల్ కొట్టాలమ్మా. పార్సిల్ దారిలో చిరిగిపోయి వచ్చిందని రాయి. నాగపూర్‌లో కూర్చున్నోళ్లకి ఇక్కడ ఏం జరిగిందో ఎట్టా తెలుస్తుంది?"

"మీ ఆవిడ రాయమంటే రాస్తానండీ" అన్నాను. నా నోరు అంతకంటే ఘాటైన మాటలే అనగలదు. కానీ ఆయన కళ్లు రాత్రంతా నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. నాకు మనసొప్పలేదు.

అప్పుడే పిన్ని వచ్చింది. చెప్పులు విప్పి, ఈసారి కుర్చీలో నిండుగా కూర్చుంది. శౌరయ్య గారు గుమ్మం పక్కకి తప్పుకున్నారు గానీ వెళ్లలేదు. తన పరువు ఏ మాటలో తీస్తుందోనని కాబోలు, చెవులు ఇటే వేసుకుని నిలబడ్డారు.

"రాయమ్మా. సుధామణి గారికి నమస్కారం. మీ అమ్మగారి చీర కోయడంలో నా వల్ల తప్పు జరిగింది."

నా వేళ్లు ఆగిపోయాయి. "నీ వల్లనా పిన్నీ? నువ్వు ఊళ్లోనే లేవు గదా!"

"చెప్పింది రాయి. నెమళ్లు ఒక కాలి మీద తలకిందులయ్యాయి. చూసుకోకుండా కోసేశాను. మోకాలి దగ్గర రెండు ముక్కలు చేసి, రెండిటినీ తిప్పి, పక్కల్లో మిగిలిన గుడ్డ కలిపితే సరిగ్గా నిలబడతాయి. అతుకు కుచ్చిళ్ల చాటుకి పోతుంది. కానీ అది అతుకే, అతుకు కాదని నేను చెప్పను. మీరు సరేనంటే చేస్తాను. వద్దంటే ముక్కలన్నీ జాగ్రత్తగా వెనక్కి పంపిస్తాను, నాకు పైసా ఇవ్వక్కర్లేదు."

"పిన్నీ, ఇది పంపితే ఆవిడ ఊరుకుంటుందా? అందరికీ చెబుతుంది. నాగపూర్ అంతా పోతుంది."

"పోతే పోతుంది. పేరు ఎవరిదమ్మా ఇందులో? మెచ్చుకుంటూ రాసినప్పుడు నాకే గదా రాశారు, ఆయనకి రాయలేదే. తిట్లొచ్చేసరికి ఆయన్ని పిలుస్తానా? పేరు నాదైతే తప్పు కూడా నాదే."

నేను గుమ్మం వైపు చూశాను. శౌరయ్య గారు గోడకి తిరిగి నిలబడి ఉన్నారు. భుజం మీది టేపు తీసి, చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుడుతున్నారు. మెయిల్ పంపించాను.

ఆ రోజు జవాబు లేదు. మర్నాడూ లేదు. పిన్ని కరెంటుతో పాటు వచ్చేది, కరెంటుతో పాటు వెళ్లేది. లావుపాటి అక్షరాలు లేని తెరని చూసి, అడక్కుండానే లేచిపోయేది. ఆ రెండు రోజులూ ఆవిడ రాకముందే నేనూ మెయిల్ తెరిచి చూసుకునేదాన్ని. నేను పట్టుబట్టి పెట్టించిన పేరు కదా అది.

మూడో రోజు వచ్చింది. సుధామణి గారు ఇలా రాశారు: "వెంటనే జవాబు రాయలేకపోయాను. చాలా కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. చీర దారిలో చిరిగిందని రాసినా నేను నమ్మేసేదాన్ని. నమ్మి, అమ్మ చీర పార్సిల్లో ఎందుకు వేశానా అని బతికినంతకాలం నన్ను నేను తిట్టుకుంటూ ఉండేదాన్ని. మీరు ఆ బాధ తప్పించారు. మీరు చెప్పినట్టే చేయండి. ఒక్క మాట. ఈసారి కూడా మీరే కోయండి. నిదానంగా చూసుకుని కోయండి. ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దు."

చదవడం పూర్తయ్యాక పిన్ని వంక చూశాను. అబద్ధం ఎంత చిన్నదైనా మనిషిని ఎక్కడికి తీసుకొచ్చి నిలబెడుతుందో చూడండి. కోయనిదాన్ని కోశానంది, ఇప్పుడు నిజంగానే కోయాలి. జీవితంలో పెద్ద కత్తెర పట్టని మనిషి ఆవిడ. చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చుంది.

"ఆవిడకి మాటిచ్చినట్టే గదా ఇది?" అంది.

"అంతే పిన్నీ."

ఇద్దరం షాపులోకి వెళ్లాం. శౌరయ్య గారికి విషయం చెప్పాను. ఆయన బల్ల దగ్గరికి వెళ్లి కత్తెర తీశారు. మావైపు కత్తెర చేతిలోంచి చేతికి ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ గొడవలొస్తాయంటారు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. ఆయన కత్తెరని పిన్ని ముందు బల్లమీద పెట్టారు. పెట్టి, నల్ల పిడి ఆవిడ వైపుకి తిప్పారు.

"బరువుంటది. మణికట్టుతో కాదు, భుజంతో నడపాలి" అన్నారు.

పిన్ని శిలువ గుర్తు వేసుకుని కత్తెర తీసుకుంది. మొదటి కోత గీత దాటబోయి ఆగింది. శౌరయ్య గారు బల్లకి అవతలివైపు వంగి, గుడ్డ జారకుండా రెండు చేతులతో పట్టుకున్నారు. కొంచెం సేపటికి చెయ్యి కుదురుకుంది. చివరికి పక్కల్లో కలపడానికి గుడ్డ సరిగ్గా చాలినప్పుడు పిన్ని తలెత్తకుండానే అంది, "మీరు మిగల్చబట్టే ఇది బతికిందండీ." ఆయన ముక్కు ఎగబీల్చుకుని, సుద్దముక్క వెతికే వంకతో బల్ల కిందకి వంగారు. నేను కూడా కళ్లు తుడుచుకున్నాను, దాచడమెందుకు.

డ్రెస్సు వెళ్లింది. అమ్మాయి స్టేజీ ఎక్కింది. ఫొటోలో నెమళ్లన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. నాగపూర్‌లో ఒక స్కూలు ఆర్డరిచ్చింది, ఇంకోటి ఇవ్వలేదు. వ్యాపారమంటే అలాగే ఉంటుంది, అందరూ పరిగెత్తుకొచ్చారని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. కానీ ఇంట్లో ఒప్పందం మాత్రం మారిపోయింది. గీతా కోతా రెండూ పిన్నివే. ఆయన మిషను తొక్కేవారు, కాజాలు తీసేవారు. మధ్యాహ్నం కుక్కరు కూడా ఆయనే పెట్టేవారు. పిన్ని లోపలి గదిలో వెలుతురున్న వైపు బల్ల వేయించుకుని అక్కడే కోసేది. బయట బోర్డు మాత్రం పాతదే.

రెండేళ్ల తరవాత, గుణదల మేరీమాత తిరునాళ్ల రోజుల్లో, ఒకావిడ ఆటో దిగి సందులో అందరినీ అడుగుతూ వచ్చారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. చుట్టాలింటికి వచ్చిన సుధామణి గారని, జీవరత్నం అంటే మగమనిషే అనుకున్నారని తరవాత తెలిసింది. నీలం బోర్డు చదివి, మిషన్ ముందున్న పెద్దాయనకి నమస్కారం పెట్టి అడిగారు:

"నాగపూర్ నుంచి వచ్చానండీ. డాన్సు డ్రెస్సులు కుట్టేది ఇక్కడేనా? మాస్టారంటే మీరేనా?"

శౌరయ్య గారు సూది గుడ్డకి గుచ్చి, కళ్లజోడు పైకి జరిపి లేచి నిలబడ్డారు.

"నేను కాజాలు కుడతానండీ" అన్నారు. తరవాత లోపలి గదిలోకి తల తిప్పి, సందంతా వినపడేలా పిలిచారు, "మాస్టారూ! మీ కోసం ఎవరో వచ్చారు."